మఠంలో కొత్త కూలరు

మఠంలో వంట చేసే కొట్రేశును కొండకింద మఠానికి పంపించెయ్యమని అడగడానికి చెన్నవీరయ్య గురువుగారి దగ్గరికి వచ్చాడు.

"వానితో వేగలేకపోతున్నాం స్వామీ," అన్నాడు. "నిన్న ఇంకొంచెం చారు అడిగిన ముసలాయన మీద గరిటె విసిరినంత పని చేసినాడు. వాని కోపం చూసి మఠానికి వచ్చేవాళ్లు జడుసుకుంటుండారు. కొండకింద అయితే మనుషుల అలికిడి ఉండదు. అక్కడ కుదురుకుంటాడు."

మరుళసిద్ధయ్య స్వామి చాప మీద విభూతి ఉండలు ఎండబెట్టుకుంటున్నారు. తలెత్తకుండానే అడిగారు.

"కొట్రేశుకు కోపమా?"

"అవును స్వామీ."

"ముందు ఉండిందా?"

"లేదు. ఈమధ్యనే వచ్చింది. సాధన సడలినట్టుంది."

"చూస్తాంలే," అన్నారు స్వామి, చేతిలో ఉండను ఇంకోవైపు తిప్పి పెడుతూ.

కొండకింద మఠమంటే పేరుకే మఠం. రెండు గదులు, ఒక గంట, చుట్టూ కోతులు. అక్కడికి పంపిన మనిషిని పండగలకు కూడా ఎవరూ తలుచుకోరు. కొట్రేశు చూస్తే ఈ మఠం వంటింట్లోనే పెరిగి పెద్దవాడైన మనిషి. ఇక్కడి పొయ్యి తప్ప అతనికి వేరే ఇల్లు లేదు. ఆ సంగతి చెన్నవీరయ్యకు తెలియక కాదు. తెలిసే అడిగాడు, అదీ ఎంతో శాంతంగా అడిగాడు.

ఆ శాంతం ఎక్కడిదో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

తుంగభద్ర ఒడ్డున ఉండే ఈ మఠానికి ఒక ఆచారం ఉంది. ద్వారం పక్కన నాపరాళ్ల కట్ట ఒకటి. దాన్ని మొరకట్ట అంటారు. తగువులున్నవాళ్లు, మాట కడుపులో దాచుకోలేనివాళ్లు వచ్చి దాని మీద కూర్చుంటారు. మఠం మనిషి ఒకడు ఎదురుగా కూర్చుని వినాలి. తీర్పు చెప్పకూడదు, సలహా ఇవ్వకూడదు, మధ్యలో లేవకూడదు. వచ్చినవాళ్లు తమంతట తాము "అంతే స్వామీ" అనేదాకా వింటూ ఉండాలి. ఆ మాట అనేసరికి చాలామందికి గుండె బరువు దిగిపోతుంది. లేచి, దుమ్ము దులుపుకుని, ఇంటికి పోతారు. విన్నవాడు ఎలా ఉన్నాడని మాత్రం ఇంతవరకు ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

చాలా ఏళ్లు ఆ వినే పని చెన్నవీరయ్యది. అతనికి కోపం ముక్కు మీదే ఉండేది. కట్ట దగ్గర ఉన్నంతసేపూ కిమ్మనేవాడు కాదు గానీ, అక్కడ్నుంచి లేచాక ఎదురుపడ్డవాళ్లందరికీ అక్షింతలే. మేకలను తిట్టేవాడు. పూలు తెచ్చేవాణ్ణి తిట్టేవాడు. ఒడ్డుకు పోయి, అక్కడ ఎవరూ కనబడకపోతే నదినే నాలుగు మాటలు అనేవాడు. సాయంత్రం పూజకల్లా అంతా మరిచిపోయి నవ్వుకుంటూ వచ్చేవాడు. మఠంలో అందరికీ అది అలవాటైపోయింది. దానికి సిగ్గుపడేది అతనొక్కడే. ఈ కోపం పోవడానికి అతను పట్టని వ్రతం లేదు, ఉండని ఉపవాసం లేదు.

చివరికి కంప్యూటరు రూపంలో దారి దొరికింది.

మఠంలో తాళపత్రాల కట్టలు చాలా ఉన్నాయి. ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. వాటన్నిటికీ ఫోటోలు తీయించి, ఆ పాత రాతను ఇప్పటి అక్షరాల్లోకి మార్చాలని స్వామికి కోరిక. ఒక భక్తుడు అందుకు పనికొచ్చే కంప్యూటరును తెచ్చి ఇచ్చాడు. చెన్నవీరయ్య మఠంలో చేరకముందు కర్నూలులో కంప్యూటర్లు బిగించే అంగడిలో పనిచేసినవాడు. పని అతనికే అప్పగించారు.

రాతను గుర్తుపట్టే లెక్కలన్నీ చేసేది లోపలున్న గ్రాఫిక్స్ కార్డు. పని పెరిగేకొద్దీ అది పెనంలా కాగుతుంది. అందుకే తయారుచేసినవాళ్లే దాని మీద ఒక కూలరు బిగించి పంపుతారు. మూసిన డబ్బాలాంటి తొడుగు, ఆ చివర ఒకే ఒక ఫ్యాను. దాన్ని స్టాక్ కూలరంటారు. అది తిరిగితే మిక్సీలో శనగపప్పు వేసినట్టు ఉండేది. పక్కనే ధ్యానమందిరం. కళ్లు మూసుకున్నవాళ్లందరికీ లోపల ఆ గోలే.

చెన్నవీరయ్య ఊరుకోలేదు. విడిగా అమ్మే కూలరు ఒకటి తెప్పించాడు. దానికి మూడు ఫ్యాన్లు, దువ్వెన పళ్లలా సన్నటి రేకులు, వాటి మధ్య రాగి గొట్టాలు. వచ్చింది కదా అని బిగించెయ్యలేదు, న్యాయంగా పోల్చి చూశాడు. ఒకరోజు పాత కూలరుతో ఒక కట్ట చదివించాడు. మర్నాడు కొత్త కూలరుతో అదే కట్ట, అదే వేళకు, అదే కిటికీ తెరిచిపెట్టి చదివించాడు. పాతదానితో కార్డు ఎనభై నాలుగు డిగ్రీలు చూపించింది. కొత్తదానితో అరవై రెండు దాటలేదు. చప్పుడంటారా, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో వంగి చూసుకోవాల్సి వచ్చింది.

పట్టరాని సంతోషంతో వెళ్లి స్వామిని పిలుచుకొచ్చాడు.

స్వామి పీట వేసుకుని కూర్చున్నారు. కాసేపు చెవి ఒగ్గి విన్నారు.

"బాగుందప్పా. చప్పుడు లేదు," అన్నారు.

"కార్డు వేడి కూడా ఇరవై డిగ్రీలకు పైనే తగ్గింది స్వామీ."

"పని తగ్గించినావా?"

"లేదు స్వామీ. నిన్న చేసిన పనే."

"మరి వేడి యాడికి పోయింది?"

చెన్నవీరయ్యకు నవ్వొచ్చింది. "కూలరు తీసేసింది స్వామీ."

"తీసి యాడ పెట్టింది?"

పెద్దవారు, యంత్రాల సంగతి వారికేం తెలుస్తుందని చెన్నవీరయ్య ఆ మాటను పట్టించుకోలేదు. స్వామి కూడా రెండోసారి అడగలేదు.

గది చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. అందులో కూర్చుంటే చెన్నవీరయ్యకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇక మొరకట్ట వైపు అడుగు పడలేదు. యంత్రం దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. అయినా కట్ట ఖాళీగా ఉండకూడదు. నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి ఆ పని కొట్రేశు మెడకు చుట్టుకుంది.

చెన్నవీరయ్య రోజంతా తాళపత్రాలతో గడిపాడు. అరుపులు లేవు, తగువులు లేవు. కొన్నాళ్లకు కోపమన్న మాటే మరిచిపోయాడు. మేకలు వాకిట్లోకి వచ్చినా నవ్వుతూ అదిలించేవాడు. వచ్చిన భక్తులు అతని ముఖంలో ఏదో కళ వచ్చిందనుకున్నారు. పదిమంది అలా అంటే ఎవరికైనా నిజమే అనిపిస్తుంది. చెన్నవీరయ్యకూ అనిపించింది.

కొట్రేశు పొయ్యి మీద ఎసరు పెట్టి కట్ట దగ్గరికి పోయేవాడు. అక్కడ ఒకరి కోడలు, ఒకరి పొలం గట్టు, ఒకరి చచ్చిపోయిన బిడ్డ. అన్నీ విని తిరిగొచ్చేసరికి పప్పు అడుగంటి ఉండేది. మొదట అతని మాటలు తగ్గాయి. తర్వాత వంటింట్లో గిన్నెల చప్పుడు పెరిగింది. ఆ తర్వాతదే ముసలాయనా, గరిటె సంగతీ.

చెన్నవీరయ్య శాంతంగా వచ్చి అతన్ని పంపించెయ్యమని అడిగింది అందుకే.

ఆ అడిగిన వారంలోనే కంప్యూటరు మొరాయించింది. లోపల ఫోటోలన్నీ దాచిపెట్టే డిస్కు ఒకటి ఉంటుంది. అది కటకటమని చప్పుడు చెయ్యడం మొదలుపెట్టింది. కొన్ని కట్టల ఫోటోలు తెరుచుకోలేదు. చెన్నవీరయ్యకు పైప్రాణాలు పైనే పోయాయి. అయినా మనసు చిక్కబట్టుకుని, గొంతు పెంచకుండా స్వామికి విన్నవించాడు.

"డిస్కు చెడిపోయింది స్వామీ. నాసిరకం సరుకు. దాన్ని పారేసి వేరేది తేవాల."

స్వామి లేచి గదిలోకి వచ్చారు.

"పెట్టె మూత తియ్యి," అన్నారు.

చెన్నవీరయ్య పక్కరేకు ఊడదీశాడు. లోపల కార్డు పని చేస్తూనే ఉంది. స్వామి వంగి, అరచెయ్యి కార్డు దగ్గరగా పెట్టి చూశారు.

"దీనికేం, హాయిగా ఉంది."

తర్వాత చెన్నవీరయ్య మణికట్టు పట్టుకుని, అతని అరచేతిని పైనున్న డిస్కు మీద ఆనించారు. ఆనించి, వదల్లేదు.

"స్వామీ, కాలుతోంది!"

"ఈ డిస్కు చేసే పని ఏంది?"

"పెద్ద పనేం లేదు స్వామీ. ఇచ్చినవి దాచిపెట్టుకుంటుంది, అంతే. స్వామీ, చెయ్యి..."

"మరి ఇంత వేడి దీనికి యాడిదప్పా?"

చెన్నవీరయ్య గింజుకోవడం ఆపాడు. అతను పనితనం తెలిసినవాడే. ఆ ప్రశ్న అడగాలని మాత్రమే ఇంతవరకు తట్టలేదు.

"కార్డుది స్వామీ," అన్నాడు నెమ్మదిగా. "పాత కూలరు గోల చేసినా, వేడిగాలిని పెట్టె వెనకనుంచి బయటికి ఊదేసేది. కొత్తది కార్డును బాగా చల్లబరుస్తుంది. కానీ ఆ వేడిని తీసి పెట్టెలోనే వదిలేస్తుంది. పైనున్నది ఇది. అంతా దీనికే తగులుతాంది."

"వేరే డిస్కు తెచ్చి ఇక్కడే పెడితే?"

"అదీ ఇట్లనే అవుతాది."

"అయితే ఇది నాసిరకమా?"

"కాదు స్వామీ."

స్వామి చెయ్యి వదిలారు. చెన్నవీరయ్య అరచెయ్యి ఎర్రగా కందింది. దాన్ని ఊదుకుంటూ, ఏం చెయ్యాలో తనలో తనే లెక్క వేసుకున్నాడు.

"పాతదే బిగించాల్సిన పనిలేదు స్వామీ. కొత్త కూలరు మంచిదే, దాని తప్పేం లేదు. పెట్టెకు వెనకాల ఇంకో ఫ్యాను పెట్టి ఆ వేడి బయటికి పోయేటట్టు చేస్తే చాలు. కార్డు చల్లబడింది గదా అని నేను మిగతావాటిని చూసుకోలేదు."

"నీకు తెలిసిన పని. నువ్వే చూసుకో," అన్నారు స్వామి.

గడప దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు.

"చెన్నవీరా, కొట్రేశును కొండకింద మఠానికి పంపమంటివి. ఎప్పుడు పంపేది?"

స్వామి జవాబు కోసం ఎదురుచూడకుండా వెళ్లిపోయారు.

బయట మొరకట్ట మీద అన్నదమ్ములిద్దరు బోరు నీళ్ల వంతు గురించి ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. వాళ్ల గొంతులు గది గోడ దాటి స్పష్టంగా వినబడుతున్నాయి. ఇన్నాళ్లూ కూడా వినబడే ఉంటాయి. వంటింటి వైపు నుంచి అన్నం మాడుతున్న వాసన వస్తోంది. చెన్నవీరయ్యకు తన మీద తనకే రోత పుట్టింది. కంప్యూటరు ఆపేసి, బయటికి నడిచాడు.

కట్టకు ఎదురుగా కొట్రేశు కూర్చుని ఉన్నాడు. దవడలు బిగుసుకుని ఉన్నాయి. రెండు చేతులూ మోకాళ్ల మీద పిడికిళ్లయి ఉన్నాయి.

"లెయ్యి కొట్రేశూ," అన్నాడు చెన్నవీరయ్య. "పోయి అన్నం తిను."

"నీకు యంత్రం పని ఉంది గదన్నా."

"ఆపేసినాలే. లెయ్యి."

కొట్రేశు నమ్మలేనట్టు అతని వంక చూశాడు. తర్వాత మెల్లగా లేచి, వెనక్కి రెండుసార్లు తిరిగి చూస్తూ లోపలికి పోయాడు. చెన్నవీరయ్య అదే చోట కూర్చున్నాడు.

అన్నదమ్ముల్లో పెద్దవాడికి సందేహం వచ్చింది. "స్వామీ, మళ్లా మొదట్నుంచి చెప్పల్నా?"

"చెప్పండి," అన్నాడు చెన్నవీరయ్య.

వాళ్లు చెప్పారు. ఒకరు చెప్పింది ఇంకొకరు కాదన్నారు. తాత కాలం నాటి సంగతులు తవ్వి తీశారు. ఎండ కట్ట మీదికి జరిగింది. "అంతే స్వామీ" అన్న మాట చాలాసేపటికి గానీ రాలేదు; అది విన్నాకే చెన్నవీరయ్య లేచాడు.

ఆ వేళకు వంటింట్లో స్వామి కొట్రేశును ఎదురుగా కూర్చోబెట్టుకుని, మాడని పైపొర అన్నం తీసి తామే వడ్డిస్తున్నారు. కొట్రేశు తల వంచుకుని తింటున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. ఎందుకో అతనికీ తెలియదు.

ఉన్నట్టుండి వాకిట్లోంచి పెద్ద కేక వినబడింది. మఠం ద్వారానికి అడ్డంగా ట్రాక్టరు నిలబెట్టిందెవడని, వాని కండ్లు నెత్తికెక్కినాయా అని చెన్నవీరయ్య ఎవరినో దుమ్మెత్తిపోస్తున్నాడు. కప్పు నాపరాళ్లు అదిరేలా ఉంది ఆ గొంతు.

కొట్రేశు ముద్ద విడిచిపెట్టి సగం లేచాడు.

"అన్నకు కోపమొచ్చినట్టుంది స్వామీ!"

స్వామి అతని పళ్లెంలో మజ్జిగ పోశారు.

"రానీలే," అన్నారు. "చానా దినాలైంది."