వద్దన్న తునికిపండ్లు

నల్లగుట్ట అడవిలో ఎలుగులు, కొండముచ్చులు, ఏదుపందులు ఉండేవి. వాటిలో బూరయ్య అనే ఎలుగుబంటి ఉన్నాడే, ముల్లోకాల్లోనూ అంతటి మర్యాదస్తుడు లేడు. ఈ మాట అన్నది బూరయ్యే. ఇంకెవరూ అనగా వినలేదు.

ఆ వేసవిలో కార్చిచ్చు రేగి, వాగుకి ఇవతల చెట్లన్నీ మాడిపోయాయి. బూరయ్య పాదాలు కాలాయి. చెట్టెక్కలేడు, పుట్ట తవ్వలేడు. అతని కూతురు బొద్దు. పేరుకే బొద్దు, డొక్కలో ఎముకలు తేలాయి.

ఒక ఉదయం వాగు అవతలి కొండముచ్చు కొమ్మాలు, దొప్పనిండా తునికిపండ్లు తెచ్చింది.

"అన్నా, పిల్లకి పెట్టు."

బూరయ్యకి నోరూరింది. కానీ ఎలుగుల్లో ఒక ఆచారం ఉంది. ఇచ్చినవాళ్ళు బతిమాలి నోట్లో పెట్టేదాకా వద్దనాలి.

"అబ్బే, ఎందుకమ్మా! ఇప్పుడే తిన్నాం," అన్నాడు.

ఏం తిన్నారని అడక్కండి. గాలి.

"సరే అన్నా," అని కొమ్మాలు దొప్ప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

"అయ్యా, తీసుకుపోతోంది!" అంది బొద్దు.

"ఊరుకోవే. మర్యాద తెలిసినవాళ్ళు మళ్ళీ వచ్చి అడుగుతారు."

కొమ్మాలు రాలేదు. పక్క బొరియలోని ఏదుపంది సూదమ్మ దగ్గరికి వెళ్ళింది.

సూదమ్మ ముందే అడిగేసింది. "మాలో ఇచ్చినదాన్ని ఒక పూట గుమ్మంలో ఉంచాకే ముట్టుకుంటాం. మీలో ఎలా అక్కా?"

"మాలో అడగడం ఒక్కసారే. వద్దన్నవాళ్ళని మళ్ళీ అడిగితే, నువ్వు అబద్ధమాడావన్నట్టు."

"అయితే ఇటివ్వు తల్లీ!"

సూదమ్మ పిల్లలు దొప్ప ఖాళీ చేశాయి. ఆ తర్వాత సూదమ్మ బూరయ్య గుహకి వచ్చి, విన్నదంతా చెప్పింది. "వాగు ఒడ్డుకెళ్ళి ఒక్క కేక వెయ్యి మామా. మళ్ళీ తెస్తుంది."

"నేనా? అడుక్కోవడమా? ఎలుగుల పరువేం కాను?"

పరువు మిగిలింది. బొద్దు మిగల్లేదు. మర్నాడు తండ్రి ఒళ్ళోనే చల్లబడిపోయింది.

సంగతి విని కొమ్మాలు పరుగున వచ్చింది. "తిన్నామన్నావు కదన్నా! నిజమే అనుకున్నాను," అని ఏడ్చింది.

బూరయ్య తల ఎత్తకుండానే అన్నాడు.

"నువ్వు వెళ్తుంటే దొప్పలోంచి ఒక పండు జారిపడింది చెల్లీ. అది నేనే మింగేశాను. పిల్లకి చూపించనైనా లేదు."

నీతి: ఎదుటివాళ్ళ పద్ధతి అడిగి తెలుసుకోవడం చిన్నతనం కాదు, తన పద్ధతే లోకానికంతా పద్ధతి అనుకునేవాడి బింకానికి ఇంట్లో పసివాళ్ళు బలవుతారు.