వైద్యం బండికి నెమలికంఠం రంగు

అనగనగా ఒక పెద్ద అడవి. ఆ అడవిలో జంతువులన్నీ కలిసి ఒక బండి నడుపుకునేవి. నిజం బండే పిల్లలూ, నాలుగు చక్రాలది, హారన్ కొట్టేది. ఎవరికి జబ్బు చేసినా ఆ బండి ఎక్కించి, కొండ అవతల ఉండే తాబేలు వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళేవి. దాన్ని నడిపేది భల్లయ్య అనే ఎలుగుబంటి.

బండి మంచిదే. కానీ చూడ్డానికి మహా దిగులుగా ఉండేది. బూడిద రంగు, ఒళ్ళంతా గీతలు. అది వస్తోందంటే చాలు, జబ్బుపడ్డ జంతువులు లేని ఓపిక తెచ్చుకుని మరీ పొదల్లో దాక్కునేవి.

“అమ్మో, ఆ బండిని చూస్తేనే నా జ్వరం ఎక్కువవుతుంది” అనేది కుందేలు.

ఈ మాట నీలాంబరం అనే నెమలి చెవిన పడింది. నీలాంబరం పట్నం దాకా వెళ్ళి, చాపలా చుట్టిన ఒక పెద్ద ప్లాస్టిక్ చుట్ట తెచ్చాడు. అందరినీ పిలిచి ఎండలో దాన్ని కొంచెం విప్పాడు.

అది రంగులు మారే ఫిల్మ్, బళ్ళ ఒంటికి అతికించే పల్చటి పొర. ఇటునుంచి చూస్తే నీలం. రెండడుగులు పక్కకు జరిగితే ఆకుపచ్చ. ఎండ సూటిగా పడితే ఊదా, అంచుల్లో సన్నటి బంగారు మెరుపు. అచ్చం నీలాంబరం మెడలాగే.

“దీన్ని బండికి తొడిగితే ఇంక ఎవరైనా పారిపోతారా?” అన్నాడు నెమలి.

“బాగానే ఉంది. మరి తొడిగేదెవరు?” అన్నాడు భల్లయ్య.

అందరూ ఒకేసారి చెట్టు పైకి చూశారు. అక్కడ తురాయి కూర్చుని ఉంది. తురాయి ఒక బెట్టుడుత, అంటే అడవిలో ఉండే పెద్ద ఉడుత. తోక ఎంత పెద్దదో, పనిలో పేరూ అంత పెద్దది. బళ్ళకు ఫిల్మ్ అతికించడంలో ఆమె వేళ్ళ కింద ముడత నిలవదని అడవంతా చెప్పుకునేది. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు.

“చేస్తాను. కానీ నా పద్ధతిలోనే చేస్తాను. తొందరపెట్టారో, చెట్టెక్కి కూర్చుంటాను” అంది తురాయి.

మొదట బండిని గాలి కొట్టని షెడ్డులోకి తోయించింది. తర్వాత కడిగింది. మళ్ళీ కడిగింది. చెట్ల జిగురంతా గీకి, స్పిరిట్ గుడ్డతో మూలమూలలూ తుడిచింది.

“ఇంత కడగాలా తురాయీ? మొన్న వాన్లో తడిసిందిగా!” అన్నాడు నెమలి.

“కింద ఒక్క ఇసుక రేణువు మిగిలినా పైన మొటిమలా లేస్తుంది” అంది ఆమె.

తర్వాత తలుపుల పిడులు, దీపాలు విప్పింది. ఫిల్మ్ వెనక కాగితం మీద బాణం గుర్తులు ఉన్నాయి. ముక్కలన్నీ ఆ బాణాలు ఒకే వైపు ఉండేలా కత్తిరించింది.

“ఈ ముక్కను అడ్డంగా తిప్పితే బోలెడు మిగులుతుంది కదా?” అన్నాడు నెమలి.

“తిప్పితే ఒక తలుపు నీలంగా ఉన్నప్పుడు పక్కది పచ్చగా ఉంటుంది. ఒకే బండి రెండు బళ్ళలా కనబడుతుంది.”

మొదట బండి ముందుభాగాన ఇంజను మూత మీద ఫిల్మ్ పరిచారు. నాలుగు మూలలా నలుగురు పట్టుకున్నారు. తురాయి మెత్తటి అంచున్న ప్లాస్టిక్ బిళ్ళ తీసుకుని, నడుమ నుంచి అంచులకు నొక్కుతూ పోయింది. లోపలి గాలి ముందు ముందుకు పరుగెత్తి బయటికి పోయింది. ఒంపుల దగ్గర వేడిగాలి యంత్రం పట్టింది. వేడి తగలగానే ఫిల్మ్ వెన్నలా మెత్తబడి ఒంపులోకి ఒదిగింది.

“గట్టిగా లాగేసెయ్” అన్నాడు భల్లయ్య.

“వద్దు మావా. ఎక్కువ లాగితే రంగు పాలిపోతుంది. తర్వాత ఎప్పుడో వెనక్కి ముడుచుకుంటుంది.”

చివరికి అంచులు లోపలికి మడిచి, మరోసారి వాటికి బాగా వేడి చూపించింది. అప్పుడే ఫిల్మ్ పాత ఆకారం మరిచిపోయి, కొత్తది నేర్చుకుంటుందట.

ఆమె పక్కకు తప్పుకుంది. షెడ్డు తలుపు తెరిచారు. వెలుగు లోపలికి వచ్చింది.

కుందేలు నోట్లో గడ్డిపోచ అలాగే ఉండిపోయింది. మబ్బు కదిలితే మూత మీద నీలం కదిలింది. చిలుక అటు ఎగిరితే పచ్చ అటు పాకింది. అడవి పందుల గుంపు కూడా అరవడం మానేసి నిలబడిపోయింది.

“తురాయి చేతిలో ఏదో మంత్రం ఉంది” అంది కుందేలు, మెల్లగా.

తర్వాత రెండు పక్కలూ పూర్తయ్యాయి. మళ్ళీ అందరూ అలాగే చూశారు, అదే మాట అన్నారు. తురాయికి ఆ మాట తేనెలా ఉంది.

ఇంక మిగిలింది వెనక తలుపు. దాన్ని తుడుస్తుంటే, తలుపును బండికి పట్టి ఉంచే పై బందు దగ్గర పెయింట్ కొంచెం ఉబ్బినట్టు చేతికి తగిలింది. తురాయి గోటితో నొక్కింది. గోరు లోపలికి దిగిపోయింది. గోధుమరంగు పొడి రాలింది.

తుప్పు. పైపైన పట్టింది కాదు, ఇనుమును తినేసిన తుప్పు.

బయట జంతువులు గుంపుగా ఎదురుచూస్తున్నాయి. “ఇంకా ఎంతసేపు తురాయక్కా? మా కళ్ళు కాయలు కాస్తున్నాయి!” అని కేకలు పెడుతున్నాయి. ఇప్పుడు చెబితే పని ఆగిపోతుంది. భల్లయ్య తలుపు ఊడదీస్తాడు. చాలా రోజులు బండి సగం రంగుతో, సగం బూడిదతో పడి ఉంటుంది.

“ఫిల్మ్ గట్టిదేగా. పట్టి ఉంచుతుంది. తర్వాత ఎప్పుడైనా మెల్లగా చెబుదాం” అనుకుంది తురాయి.

పొడి తుడిచేసింది. ఫిల్మ్‌ను బందు మీదుగా బండి ఒంటి దాకా పరిచింది. వేడి పట్టి నున్నగా నొక్కింది. ఎంత నున్నగా అంటే, ఆ చోటు ఎక్కడుందో కాసేపటికి ఆమె వేళ్ళకే దొరకలేదు.

బండి ఎండలోకి వచ్చింది. అడవంతా పులకరించిపోయింది. ఆ రోజు నుంచి ఎవరూ పొదల్లో దాక్కోలేదు. కుందేలైతే జ్వరం లేకపోయినా వచ్చి ఎక్కి కూర్చునేది. తురాయి కూడా తలుపు సంగతి తలచుకోవడం తగ్గించింది. తర్వాత మానేసింది.

వానలు మొదలయ్యాయి. వాన వెలిసిన ఒక ఉదయం పున్నాగ అనే జింకకు నొప్పులు వచ్చాయి. ఎంతసేపైనా బిడ్డ బయటికి రావడం లేదు. భల్లయ్య ఆమెను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి బండి ఎక్కించాడు. తోడుగా నీలాంబరం, తురాయి ఎక్కారు.

బండి కొండదారి పట్టింది. ఒక పక్క రాయి, మరో పక్క లోయ. తురాయి చూపు వెనక తలుపు మీద పడింది. పై బందు మూలన, లోపలికి మడిచిన ఫిల్మ్ అంచు లేచి ఉంది. దాని కింద నుంచి ఎర్రటి నీరు కారుతోంది.

ఆమె ముందుకు వంగి అరిచింది.

“భల్లయ్య మావా, బండి ఆపు! ఆపు!”

ఆమె నోట్లో మాట ఇంకా పూర్తి కాలేదు. బండి ఒక గుంతలో పడి లేచింది. వెనక తలుపు పై బందు ఫెళ్ళున ఊడింది, ఆ బరువుకు కింది బందూ విరిగింది.

తలుపు వెంటనే పడిపోలేదు పిల్లలూ. ఫిల్మ్ దాన్ని పట్టుకుంది. నీలం ఫిల్మ్ సాగింది. ఇంకా సాగింది. సాగినకొద్దీ రంగు పాలిపోయి తెల్లబడింది. చివరికి సర్రున చిరిగింది.

తలుపు లోయలోకి ఎగిరింది. గిరగిరా తిరుగుతూ కిందికి పోయింది. తిరిగిన ప్రతిసారీ ఎండను అందుకుంది. నీలం, పచ్చ, ఊదా, బంగారం. మళ్ళీ నీలం. కింద ఎక్కడో పొగమంచులో చివరి మెరుపు మెరిసి మాయమైంది. తురాయి తన జీవితంలో అంత అందం చూడలేదు. అంత భయమూ పడలేదు.

స్ట్రెచర్ ఖాళీ గుమ్మం వైపు జారింది.

నీలాంబరం రెక్కలు చాచి అడ్డంగా పడ్డాడు. తురాయి స్ట్రెచర్ పట్టీని పళ్ళతో అందుకుని, సీటు కాలి చుట్టూ తిప్పి బిగించింది. బండి ఆగింది. భల్లయ్య పరుగున వెనక్కి వచ్చి, రెండు చేతులతో స్ట్రెచర్‌ను లోపలికి తోశాడు. నెమలి తోక ఈకలు సగం రాలిపోయాయి.

పున్నాగ తల ఎత్తింది. “ఏమైంది? ఆ తలుపు అంత తేలిగ్గా ఎలా ఊడింది? లోపల చెడిపోయిందని ఎవరికీ తెలియదా?” అంది.

తెలియదు అంటే సరిపోయేది. తుప్పు లోయలో పడిపోయింది. చూసినవాళ్ళు ఎవరూ లేరు.

“నాకు తెలుసు పున్నాగా. నా గోరు దిగింది. అందరూ ఎదురుచూస్తున్నారని, నా పని మధ్యలో ఆగుతుందని కప్పేశాను” అంది తురాయి.

భల్లయ్య స్టీరింగ్ వైపు తిరిగాడు. “ముందు తల్లిని చేరుద్దాం పద. నువ్వు ఆ పట్టీ వదలకు” అన్నాడు.

దారి పొడుగునా ఆమె వదల్లేదు. తాబేలు వైద్యుడు బిడ్డను బయటికి తీశాడు. తల్లీ బిడ్డా క్షేమం.

బండి అడవికి తిరిగి రాగానే తురాయి షెడ్డులోకి వెళ్ళింది. వేడిగాలి యంత్రం తీసింది. మూత మీద ఫిల్మ్ అంచు వేడిచేసి, మెల్లగా లాగడం మొదలుపెట్టింది.

“అయ్యో! అది బాగానే ఉందిగా!” అన్నాడు నెమలి.

“ఉందేమో. కానీ కింద అంతా బాగుందన్న నా మాట నమ్మి ఇకపై ఎవరూ బండి ఎక్కనక్కర్లేదు. అందరూ చూడాలి” అంది.

నీలాంబరం కళ్ళు నీళ్ళతో నిండాయి. అయినా వచ్చి రెండో అంచు పట్టుకున్నాడు. తాను చేసిన అందాన్నంతా తురాయి తన చేతులతోనే ఊడదీసింది. భల్లయ్య ప్రతి అంగుళం తట్టి చూశాడు. మెట్టు దగ్గర ఇంకో తుప్పు దొరికింది. కోసి, కొత్త ఇనుము అతికాడు. కొత్త తలుపు బిగించాడు. నెమలి మళ్ళీ పట్నం వెళ్ళి ఇంకో చుట్ట తెచ్చాడు. ఈసారి తురాయి ఒక్కో ముక్క పరిచే ముందు జంతువులను లోపలికి పిలిచి, ఆ చోటు తాకి చూడమంది.

జింకపిల్లకు కాళ్ళు నిలిచాక పున్నాగ దాన్ని బండి చూడ్డానికి తీసుకువచ్చింది. పిల్ల ఒక అడుగు వేసింది. నీలం దాంతో పాటు నడిచింది. ఇంకో అడుగు వేసింది. నీలం పచ్చగా మారి దాని నీడ చుట్టూ తిరిగింది. జింకపిల్ల ఊపిరి తీసుకోవడం మరిచిపోయి చూసింది. ముక్కు ఆనించి చూసింది. తన ఒంటి మీద చుక్కలు ఆ రంగుల్లో ఈదుతున్నాయి.

“అమ్మా, ఆకాశం ఇక్కడికి ఎలా దిగింది?” అంది.

తర్వాత అది బండి వెనక్కి వెళ్ళింది. అక్కడ తలుపు వట్టి ఇనుము రంగులో ఉంది.

“తురాయత్తా, దీనికి రంగు లేదేం? మర్చిపోయావా?”

తురాయి ఆ తలుపు తెరిచి, దాని మీదికెక్కి తన బరువంతా వేసి ఊగింది. దిగి, బందును వేలితో తడిమింది.

“మర్చిపోలేదురా కన్నా. ఇది కొత్త తలుపు, కొత్త అతుకు. ఈ వానాకాలమంతా తడవనీ, ఎండనీ. దీనికి తుప్పు వస్తుందో రాదో అందరూ రోజూ చూస్తూ ఉండండి. నిలిచిందంటే, అప్పుడు తొడుగుతాను.”

నీతి: లోపాన్ని అందంతో కప్పితే అది లోపల పెరుగుతుంది. ముందు సరిచేసి, ఆ తర్వాతే అలంకరించాలి.