పండితుడు వాసన చూసిన పెట్టె

ఒక ఊళ్లో దొరగారి కారు ఉన్నట్టుండి మొరాయించింది. బాగుచేయడానికి పట్నం నుంచి పానకాలరావు అనే కార్ల పండితుడు అచ్చం అలాంటి కారులోనే వచ్చాడు. బానెట్ అయినా ఎత్తకుండా, "ఇంజను కంప్యూటర్ చచ్చింది. కడిగే మనిషి దాంట్లోకి నీళ్లు కొట్టేసింది" అన్నాడు.

కారు కడిగేది నూకాలు. "రేపట్నుంచి పనిలోకి రాకు" అన్నారు దొరగారు.

"అలాగే బాబూ. పోయేముందు ఆ కంప్యూటర్ పెట్టె ఊడదీసి తెస్తాను. నా తప్పేదో కళ్లారా చూసుకుని పోతాను" అంది. డ్రైవరు దాన్ని విప్పడం ఆమె ఎన్నోసార్లు చూసింది.

పండితుడు కాఫీ తాగుతుండగా నూకాలు పెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన వాసన చూసి ముఖం చిట్లించాడు. "ఒకటే నీటి కంపు! లోపలంతా కుళ్లింది. ఇక చెత్తకుప్పలో పారేయండి."

"ఇది మీ కారులోది బాబూ" అంది నూకాలు. "మీ కారు నేనెప్పుడూ కడగలేదు."

పండితుడి కాఫీ చొక్కా మీద ఒలికింది. దొరగారు పగలబడి నవ్వి, ఆ పెట్టెనే తన కారుకు బిగించమన్నారు. నూకాలు బిగించి తాళం తిప్పగానే ఇంజను గుర్రుమంది. పాత పెట్టె విప్పి చూస్తే లోపల ఒక మూల మాడి నల్లబడింది గానీ, తడి జాడే లేదు.

"నువ్వెక్కడికీ పోనక్కర్లేదు నూకాలూ" అన్నారు దొరగారు.

"మరి నా పెట్టె?" అన్నాడు పండితుడు.

"చెత్తకుప్పకు పోయేదే కదండీ! మాకు కొత్తది తెచ్చేదాకా ఇక్కడే ఉండనివ్వండి" అన్నారు దొరగారు.

పండితుడు పెట్టె లేక కదలని తన కారు వైపు చూశాడు.

"బస్సు నాలుగింటికి బాబూ" అంది నూకాలు ఎంతో మర్యాదగా. "గబగబా నడిస్తే అందుకోవచ్చు."