బుగ్గచుక్క

స్వర్ణముఖి నది ఒడ్డున ఒక ఊరిలో మునిరత్నం అనే కలంకారీ చిత్రకారుడు ఉండేవాడు. అతని చేతిలో ఎంత నేర్పు ఉండేదో, నెరిసిన తలను తలచుకొంటే అతని మనసులో అంత సిగ్గు ఉండేది. ఎండ లేని రోజున కూడా తలకు తువ్వాలు చుట్టుకొని తిరిగేవాడు. ఆ తల మెల్లమెల్లగా నెరిసినది కాదు. భార్య రాజేశ్వరి కన్నుమూసిన వేసవిలో, ఆ ఒక్క వేసవిలోనే, తెల్లబడింది.

ఒక ఏడు ఆలయంవారు కల్యాణోత్సవానికి శివపార్వతుల పెళ్ళి చిత్రంతో, మండపంలో తలపైన కట్టే పెద్ద చాందినీ కావాలన్నారు. మునిరత్నం, అతని మేనల్లుడు చెంగల్రాయుడు కలిసి రెండు నెలలు గీశారు. పందిరి, మునులు, నంది, పెళ్ళికొడుకైన శివుడు పూర్తయ్యారు. ఆనవాయితీగా చివరికి ఉంచిన అమ్మవారి ముఖం ఒక్కటే మిగిలింది. రంగులు వేయడానికి నెల పడుతుంది. ఉత్సవానికి సరిగ్గా నెలే ఉంది.

చూడవచ్చిన ఆలయ పెద్ద ఒకాయన చెంగల్రాయుడి వైపు తిరిగి, "ముఖానికి కుర్ర చేయి అయితే వణకదు" అన్నాడు. చెంగల్రాయుడు ఏదో చెప్పబోయాడు. అది వినకుండానే మునిరత్నం లేచి వెళ్ళిపోయాడు.

కలంకారీ నలుపుకు ఒక గుణం ఉంది. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో ఊరవేసి ఆ రంగును తీస్తారు. కరక్కాయ రసంలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద పడగానే అది నల్లగా తేలుతుంది. ఎంత కడిగినా పోదు. నిమ్మరసంతో తీయబోతే బట్టకు పట్టిన కరక్కాయ పదును చెడి అక్కడ తెల్లమచ్చ మిగులుతుంది. మునిరత్నం ఆ సాయంత్రం తలకు కరక్కాయ రసం రాసుకొని, ఆరిన తరువాత ఆ నల్లరంగును పట్టించుకొన్నాడు.

ఉదయం రంగు కుండల దగ్గర కూర్చున్న అతని అక్క గురవమ్మ, చెంగల్రాయుడి తల్లి, తలెత్తి చూసింది.

"కుండలో రెండు గరిటెలు తగ్గితే ఎలుక తాగిందనుకొన్నాను. ఆ ఎలుక తల దువ్వుకొని వచ్చిందే! పెళ్ళి ఎవరికిరా తమ్ముడూ, శివుడికా, నీకా?"

"ఊరుకో అక్కా. కుర్ర చేయి కావాలన్నారుగా. చూపిస్తాను" అన్నాడు మునిరత్నం.

అతడు వెదురు కలం పట్టాడు. కనుబొమలు, కళ్ళు, ముక్కు, పెదవులు. చేయి ఒక్కసారి కూడా వణకలేదు. మధ్యాహ్నానికి అమ్మవారు బట్ట మీద నుంచి చూస్తున్నట్లు అయింది. మురిసిపోయి అతడు మరికొంచెం ముందుకు వంగాడు. నలుపు వెలిసిపోతుందేమోనని అతడు తల కడుక్కోలేదు. కణత మీది చెమట జారి అమ్మవారి ఎడమ బుగ్గ మీద పడింది. అందరూ చూస్తుండగానే ఆ చుక్క నల్లబడింది.

"తుడవకు మామా! పాకిపోతుంది!" అని చెంగల్రాయుడు అరిచాడు.

మునిరత్నం కలం కింద పెట్టాడు. "నా సిగ్గును తెచ్చి అమ్మవారి ముఖానికి పూశాను" అన్నాడు.

గురవమ్మ రంగు కుండ మీద మూత పెట్టింది. తరువాత, "ముందు వెళ్ళి ఆ తల కడుక్కో. ఏడవడానికి తరువాత తీరిక ఉంటుంది" అంది.

అతడు ఏటికి వెళ్ళి నిమ్మరసంతో, కుంకుడుకాయతో తల రుద్దుకొన్నాడు. నలుపు చాలావరకు దిగింది. నీళ్ళలో తెల్లని తన తల కనిపించింది. ఆ వేసవి గుర్తుకు వచ్చింది. దాని వెనుక, ఎంతో దూరంలో, మరొక రోజు గుర్తుకు వచ్చింది. పెళ్ళిపీటల మీద అడ్డుతెర దించగానే అతనికి మొట్టమొదట కనిపించింది రాజేశ్వరి బుగ్గ మీది నల్లని చుక్క, పెళ్ళి బుగ్గచుక్క. అలాంటిదే ఆ రోజు అతని బుగ్గ మీదా ఉంది.

అతడు తడితలతోనే పరుగెత్తుకొంటూ వచ్చాడు. అమ్మవారి బుగ్గ మీది మరకను కలంతో గుండ్రంగా దిద్దాడు. తరువాత, ఏ మచ్చా లేని శివుడి బుగ్గ మీద కలం మోపబోయాడు.

"మామా, అది పోదు!"

"తెలుసురా" అని మునిరత్నం ఒక చుక్క పెట్టాడు.

చెంగల్రాయుడు దగ్గరికి వచ్చి చూశాడు. అడ్డుతెర ఇప్పుడే దిగినట్లు, వధూవరులు ఒకరినొకరు తొలిసారి చూసుకొంటున్నారు. అంతవరకు అది దేవుళ్ళ బొమ్మ. ఇప్పుడది పెళ్ళి. గురవమ్మ తనకు తెలియకుండానే లేచి నిలబడి చేతులు జోడించింది.

"నేనైతే ఆ మరక మీద ఏదో నగ గీసి దాచేవాడిని మామా" అన్నాడు చెంగల్రాయుడు మెల్లగా. "ముఖం మా మామే గీయాలని నిన్న ఆ పెద్దాయనతో చెప్పబోయాను. నీ తలను చూస్తే నాకు అసూయ. అన్ని ఏళ్ళు చూసిన కళ్ళు నాకెప్పుడు వస్తాయా అని."

ఉత్సవం నాడు ఆ చాందినీ కింద ఆలయ పెద్ద చాలాసేపు తల పైకెత్తి నిలబడ్డాడు. తువ్వాలు లేకుండా మునిరత్నం లోపలికి రాగానే ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

నెరిసిన తలలో మనిషి పడిన శ్రమా, మోసిన దుఃఖమూ, నేర్చిన చూపూ ఉంటాయి. వయసును దాచుకొనేవాడు వాటన్నిటినీ దాచుకొంటాడు, దానిని నిండు మనసుతో ధరించేవాడిని లోకం అడగకుండానే గౌరవిస్తుంది.