పీత పట్టు

ముంతాజ్‌కు ఒక్కటే దిగులు. గురువుగారు ఊఁ అంటే చాలు, ఆమె చేసిన పీతను వచ్చే శిబిరంలో పిల్లలు తాళ్ళకు తగిలించుకుంటారు. ఆయన ఊఁ అనడం లేదు. పోనీ, వద్దని కూడా అనడం లేదు.

పీత అంటే కొండలెక్కేవాళ్ళు వాడే పరికరం, అరచేతిలో పడుతుంది. అర్ధచంద్రాకారంలో నాలుగు అల్యూమినియం బిళ్ళలు, మధ్యలో స్ప్రింగు. మీట నొక్కితే బిళ్ళలు ముడుచుకుంటాయి. రాతి నెర్రెలో దూర్చి వదిలితే విచ్చుకుని రెండు పక్కలా కరుచుకుంటాయి. దానికి తాడు తగిలించుకుని ఎక్కుతారు. మనిషి జారితే, ఆ బరువుకు అది ఇంకా గట్టిగా కరవాలి. కరవకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

గురువు హనుమంతరాయప్ప. మడకశిర వైపు కొండలెక్కే వాళ్ళందరికీ రాయప్ప సారు. వయసులో ఉన్నప్పుడు బావి మోకు నడుముకు చుట్టుకుని ఎద్దుమూపు కొండను నిలువునా ఎక్కుతుంటే ఊరంతా పిచ్చోడంది. ఒకసారి నెర్రెలో కొట్టిన కొయ్యమేకు ఊడి, తోటివాడు పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ రోజు నుంచి రాయప్ప కొండ ముఖం చూడలేదు. ఒక మోటారు షెడ్డులో మూల కూర్చుని కొలిమితో, ఆకురాయితో కుస్తీ పట్టి, నెర్రెలో ఇరుక్కుంటే కదలని లోహపు కాయను చేసుకుని గానీ బయటికి రాలేదు. ఆ కాయల పుణ్యాన ప్రాణాలతో దిగినవాళ్ళు ఎందరో. పిచ్చోడన్న ఊరే ఇప్పుడు పిల్లల్ని పంపి, కాస్త నేర్పించండి సారూ అంటోంది.

అయితే కాయ కిందికి పోనుపోను ఇరుకయ్యే నెర్రెలోనే నిలుస్తుంది. రెండు పక్కలూ సమంగా ఉంటే జారిపోతుంది. ఇన్నేళ్ళూ అక్కడ ఎక్కేవాళ్ళకు దేవుడే దిక్కు. ఆ కొరత తీర్చడానికే హిందూపురంలో వాళ్ళ నాన్న లేత్ షెడ్డులో ముంతాజ్ పీతను చేసింది. గురువును మించిపోయావని తోటివాళ్ళంటే, "ఛ, అట్లనొద్దప్పా" అనేది. ఇంకొకసారి అంటే బాగుండునని మనసులో ఉండేది.

ఒక ఉదయం ఇక ఓపిక పట్టలేక అడిగేసింది.

"ఇసుక మూటలు కట్టి వదిలి చూసినాను సార్. నేనే కట్టుకొని దూకినాను. ఇంకేం కావాల మీకు?"

రాయప్ప సారు సజ్జరొట్టె తింటున్నాడు. నింపాదిగా తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. నడికట్టు బిగించుకుని, "తే పాపా" అని చెయ్యి చాపాడు.

ఇద్దరూ వెనక దారిన ఎద్దుమూపు నెత్తికెక్కారు. కొత్తగా చేరిన పిల్లలు కింద తాళ్ళు ఆరేసుకుంటూ కేకలు పెట్టుకుంటున్నారు. అంచు దగ్గర సారు వంగి, చేతికందిన నెర్రెలో పీతను దూర్చాడు. ఎండ తగలని వైపు నెర్రె అది. రెండు పక్కలా పాచి పట్టి చెమ్మగా ఉంది. పీతకు తాడు తగిలించి, రెండో కొసను తన నడికట్టుకు ముడేసుకున్నాడు.

ముంతాజ్ తన సంచిలోంచి ఇంకో తాడు తీసింది. "సార్, ఇంకో తాడు కూడా కట్టుకోండి. కాయకు తగిలిస్తాను."

"పిల్లోళ్ళకు ఇస్తావా, ఇంకో తాడు?"

ఆమె తాడును మళ్ళీ సంచిలో పెట్టేసింది.

సారు లోయకు వీపు పెట్టి, మడమలు అంచు బయటికి వచ్చేలా నిలబడ్డాడు. డెబ్బై దాటిన మనిషి. గాలికి చొక్కా రెపరెపలాడుతోంది. శిష్యురాలి ముఖంలోకి చూసి మామూలుగా అడిగాడు.

"దూకమంటావా?"

అప్పుడు గుర్తొచ్చింది ఆ మూట.

వేసవిలో కట్టి వదిలిన మూటల్లో ఒకటి నిలవలేదు. పీత సర్రున జారి ఊడి వచ్చేసింది. నెర్రెలో పాచి ఉండడం చూసి, రాయి మంచిది కాదులే అనుకుంది. కొండలెక్కే వాళ్ళకు అలవాటైన మాటే అది. పట్టు తప్పితే రాయిని తిట్టుకుని పక్క నెర్రె వెతుక్కుంటారు. ఆమె కూడా పక్క నెర్రెలో పెట్టి చూసింది. నిలిచింది. ఆ ఊడిన మూట సంగతి ఎవరికీ చెప్పలేదు. తనూ మర్చిపోయింది.

"ఆగండి సార్!" అరిచి ఆయన ముంజేయి పట్టుకుంది. "ఈ పొద్దు వద్దు."

ఎందుకని ఆయన అడగలేదు. ముడి విప్పాడు. మీట నొక్కి పీతను తీసి, తువ్వాలుతో పాచి తుడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"పద, టీ తాగుదాం" అన్నాడు.

హిందూపురం బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని ముంతాజ్ ఏడ్చింది. తను దూకిన రోజున ఆ మూట ఎందుకు గుర్తు రాలేదో ఆలోచించిన కొద్దీ సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

వానలు పట్టాయి. ఆమె పీతను ఊడదీసింది. బిళ్ళల వంపు మార్చింది, అంచులకు పళ్ళు కోసింది, ఇంకొంచెం మెత్తటి లోహం తెచ్చి మళ్ళీ పోత పోసింది. "బాగుండేదాన్ని ఎందుకు పాడుచేస్తావు బేటీ?" అని నాన్న మొత్తుకున్నాడు. ఆమె వినలేదు. జల్లు పడితే చాలు, మూటలేసుకుని కొండకు పరుగెత్తేది. పాచి పట్టిన నెర్రెలూ, నీళ్ళు కారే నెర్రెలూ వెతుక్కునేది. ఊడిన ప్రతిసారీ పీతనే తిప్పి తిప్పి చూసుకునేది. రాయిని ఒక్క మాట అనలేదు. అలా ఊడి ఊడి, చివరికి పీత ఊడడం మానేసింది.

వానలు వెనకబడ్డాక ఒక ఉదయం వచ్చి సారు ముందు నిలబడింది. ఏమీ అడగలేదు.

"నడికట్టు కట్టుకోండి సార్. పైకి పోదాం."

ఈసారి నెర్రెను ఆమే ఎంచింది. అంతకు ముందురోజు వానకు అందులోంచి ఇంకా ఊటలా నీళ్ళు కారుతున్నాయి. పీతను దూర్చి, తాడు తగిలించి, రెండో కొసను తన చేత్తోనే గురువు నడుముకు ముడేసింది. లాగి చూసింది. ఆయన పీతను చూడనేలేదు. ఆమె ముఖమే చూస్తున్నాడు.

"దూకండి సార్" అంది.

ఆయన వెనక్కి దూకేశాడు.

తాడు ఒక్క కుదుపుతో బిగుసుకుంది. పాచి రసం నెర్రెలోంచి చిమ్మింది. పీత కరుచుకుంది. కరుచుకుని, అంగుళం కూడా జరగలేదు. కింద పిల్లలు కెవ్వుమన్నారు. ముంతాజ్ బోర్లా పడుకుని అంచు కిందికి తొంగి చూసింది.

గాలిలో ఉయ్యాలూగుతూ రాయప్ప సారు పగలబడి నవ్వుతున్నాడు. అది చూసి ఆమె ఒక్క కేక పెట్టింది. కొండలన్నీ మారుమోగాయి. కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆ పిల్లకు.

నవ్వు ఆగాక కిందినుంచి ఆయన గొంతు వినిపించింది.

"పాపా! పిల్లోళ్ళను తాళ్ళు తీసుకొని పైకి రమ్మను."