మస్తాన్‌బీ ఇంటి చేమిరి

గుండ్లకమ్మ ఒడ్డున అంకయ్యస్వామి ఆశ్రమంలో ఉండి సేవచేసే పేరిందేవిని పంతొమ్మిది రోజులుగా ఒకే ప్రశ్న వేధిస్తోంది. అడిగేది మనిషి కాదు, ఆశ్రమం ఫోను. పొద్దున తెరవగానే, కొత్త సిస్టమ్ వచ్చింది, ఇప్పుడే అప్‌డేట్ చేయాలా, తర్వాతా అంటుంది. పేరిందేవి రోజూ తర్వాత అన్నచోటే నొక్కి పక్కన పెడుతుంది.

ఆ ఫోనులో స్వామి పాడిన తత్వాలు నలభైమూడు ఉన్నాయి. గొంతుకు ఆపరేషన్ అయ్యాక స్వామి మళ్ళీ పాడలేదు. మాట కూడా గుసగుసగానే వస్తుంది, అదీ అవసరమైతేనే. ఆ పాటలు ఉంటే ఆ ఫోనులోనే, లేకుంటే ఇంకెక్కడా లేవు. అద్దంకిలో ఎవరికో అప్‌డేట్ చేశాక లోపలున్నవన్నీ తుడిచిపెట్టుకుపోయాయని విన్నప్పటి నుంచి ఆమెకు భయం పట్టుకుంది.

పోనీ చేయకుండా ఉందామంటే అదీ కుదరడం లేదు. దూరాన ఉన్న శిష్యులు సోమవారం భజనకు ఫోనులోనే కలుస్తారు. కొత్త సిస్టమ్ లేనిదే ఆ కాల్ ఇక కలవదట. పోయిన సోమవారం స్వామి ఫోను ముందు చాలాసేపు కూర్చుని, ఎవరి మొహమూ కనబడక లేచిపోయారు.

చివరికి పేరిందేవి వెళ్ళి ఆయన్నే అడిగింది.

"చేయమంటారా స్వామీ, వద్దంటారా? మీ పాటలు పోతాయేమోనని నా భయం."

"ఇంకెవరి దగ్గరా లేవా?"

"చాలామంది అడిగారండీ. నేనే ఇవ్వలేదు. తీసుకెళ్ళి ఏ సినిమా బాణీలోనో కలిపేస్తారని. వినాలనుంటే ఇక్కడికే రమ్మన్నాను."

ఆ చివరి మాట అనేటప్పుడు ఆమె మెడ కాస్త నిటారైంది. వాళ్ళొచ్చి, పేరిందేవమ్మా, ఆ పాట ఒక్కసారి పెట్టు తల్లీ అని బతిమాలడం ఆమెకు ఇష్టం. ఆ సంగతి ఆమె చెప్పలేదు. స్వామి అడగలేదు.

ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళారు. సాయంత్రం పాలు తోడేయడానికి కుండ అడుగున కాస్త పెరుగు ఉంది. దాన్నంతా చెంబులో వంచి, నీళ్ళు కలిపి, దారిన గొర్రెలు తోలుకుపోతున్న ముసలాయన దోసిట్లో పోశారు. తర్వాత కుండను బూడిదతో తోమి, కడిగి, ఎండలో బోర్లించారు.

ఆ పెరుగు ఇవాళ్టిదో నిన్నటిదో కాదు. నలభై ఏళ్ళ కిందట స్వామి తన గురువుగారింటి నుంచి తెచ్చుకున్న చేమిరి. రోజూ ఒక్క చుక్క మిగిల్చి మర్నాటి పాలలో వేస్తే అలా తెగకుండా వస్తోంది. పేరిందేవి ఆశ్రమానికి వచ్చిన పన్నెండేళ్ళలో ఒళ్ళు కాలిపోయే జ్వరంలో కూడా ఆ చుక్క ఆమె మరిచిపోలేదు.

"సాయంత్రం పాలకు చేమిరేదండీ?"

"అడిగి తే," అని స్వామి దడివైపు చెయ్యి చూపించారు.

దడి అవతల ఇల్లు మస్తాన్‌బీది.

"ఏందమ్మా, ఊరికంతా జ్ఞానం చెప్పే ఇంట్లో చేమిరి చుక్కకు కరువా?" అంది మస్తాన్‌బీ, పెద్ద నవ్వొకటి నవ్వి.

"స్వామి కుండ కడిగేశారక్కా. వాళ్ళ గురువుగారింటిది. ఇక లేదు." పేరిందేవి గిన్నె చాపింది.

మస్తాన్‌బీ గరిటెడు పెరుగు తీసి ఆమె గిన్నెలో వేసింది.

"మరి ఇదెవరిదనుకున్నా? నేను కాపరానికొచ్చిన ఏడు సామే కొబ్బరిచిప్పలో పోసిచ్చాడు. నువ్వు రాకముందు మీ కుండ రెండుమాట్లు పగిలింది. రెండుమాట్లూ ఇక్కణ్ణించే పట్టుకపొయ్యాడు. నా పాలు ఇరిగినప్పుడు నేను ఆ చివర మాలకొండమ్మ ఇంటినించి తెచ్చుకున్నా. ఆమెకి ఇచ్చింది గూడా నేనేలే."

"మాకెప్పుడూ చెప్పలేదే స్వామి."

"నువ్వడిగితే గదా. పట్టు తల్లీ, నా చెయ్యి నొప్పెడతంది."

పేరిందేవి ఆ గిన్నెను రెండు చేతులా పట్టుకుని ఇంటికొచ్చింది.

తెల్లారేసరికి పెరుగు గడ్డలా తోడుకుంది. నాలుక మీద వేసుకుని చూసింది. అదే పులుపు. స్వామికి అన్నంలో పెట్టింది. ఆయన తిని చెయ్యి కడుక్కున్నారు.

ఆమె ఫోను తీసుకుని దడి దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, నీ ఫోనులో చోటుందా?"

"ఉన్నయ్యన్నీ సీరియళ్ళేగా. తీసేస్తా, రా."

రెండు ఫోన్లూ మంచం మీద పక్కపక్కన పెట్టారు. ఒక్కో తత్వమే ఇందులోంచి అందులోకి వెళ్ళింది. నలభైమూడూ వెళ్ళేసరికి మస్తాన్‌బీ పొయ్యిమీద పప్పు మెత్తబడింది.

"ఎవరడిగినా ఇవ్వక్కా. లేదనొద్దు," అంది పేరిందేవి.

"అది నువ్వు నాకు చెప్పాలా?"

తిరిగొచ్చి అరుగు మీద, స్వామికి కాస్త ఎడంగా కూర్చుంది. ఫోను పంతొమ్మిది రోజుల నుంచి అడుగుతున్నదే మళ్ళీ అడిగింది. ఈసారి ఇప్పుడే అన్నచోట నొక్కింది. తెర నల్లబడింది. నల్లగానే ఉండిపోయింది.

ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

అంతలో దడి అవతలి నుంచి పాట వినబడింది. స్వామి గొంతే. ఆపరేషన్‌కు ముందటిది, నిండుగా, జీర లేకుండా. దాని వెనకే పప్పు ఎనుపుతూ మస్తాన్‌బీ శ్రుతి కలుపుతోంది, కలవకుండా.

స్వామి వేళ్ళు మోకాలి మీద తాళం వేశాయి.

"ఎప్పుడూ ఆ చరణం దగ్గరే తప్పుతుంది," అన్నారు మెల్లగా, ఇష్టంగా.

పేరిందేవి దడివైపు తిరిగి చేతులు జోడించింది. ఒళ్ళో ఫోను ఇంకా నల్లగానే ఉంది.