గరిటెడు సొరనూనె

ఖాదర్‌షా బాబా చేతి పొదుపు ఎల్లాజీకి నచ్చేది కాదు.

బాబా సూఫీ ఫకీరు. సముద్రపు ఒడ్డున, బెస్తపల్లె చివర ఆయన పాక. దైవం కోసం వచ్చేవాళ్ళకంటే, రేచీకటి పిల్లల్ని చంకనేసుకొచ్చే తల్లులే అక్కడ ఎక్కువ. సొరచేప కార్జం, అంటే కాలేయం, కాచి తీసిన నూనెను బాబా వేడి అన్నంలో మూడు చుక్కలు వేసి తినిపించేవాడు. కొద్ది రోజులు పెట్టి మానిపించేసేవాడు. పొద్దుగూకితే గోడలు తడుముకునే పిల్లలు నెల తిరక్కుండానే మసకచీకట్లో దాగుడుమూతలు ఆడుకునేవారు.

ఎల్లాజీ ఆ పల్లెవాడే. ఆరేళ్ళుగా బాబాకు శిష్యుడు. మూడు చుక్కలకే ఇంత మహిమ ఉంటే గరిటెడు పోస్తే ఎంతుండాలి? ఆ మాటే అడిగితే బాబా నవ్వి ఊరుకున్నాడు. దాంతో పంతం పట్టి, తానే రోజూ పొద్దున్నే గరిటెడు తాగడం మొదలుపెట్టాడు. గద్దచూపు వస్తుందని ఆశ.

మూడు నెలలకు ఒళ్ళంతా పొలుసులుగా రాలింది. జుట్టు ఊడింది. లోపలినుంచి ఎవరో నెడుతున్నట్టు తల ఒకటే పోటు. అయినదానికీ కానిదానికీ అందరిమీదా విసుక్కునేవాడు. ఇదంతా ఒంట్లోని మలినం పోతున్న గుర్తని సరిపెట్టుకున్నాడు. తెలివైనవాడు గదా, సరిపెట్టుకోవడానికి కారణాలకేం తక్కువ. పైగా బాబాకు చెప్పకుండా పల్లెలో చాటింపు వేయించాడు, శుక్రవారం పొద్దున పిల్లలందరికీ గరిటెడేసి నూనె పోస్తానని.

శుక్రవారం పిల్లలొచ్చి పాక ముందు వరుసగా కూర్చున్నారు. బాబా వాళ్ళను చూశాడు, ఎల్లాజీ చేతిలో గరిటెను చూశాడు. అప్పుడే పడవలోంచి దింపిన సొరచేప దగ్గరికి అతన్ని తీసుకెళ్ళి, "ముందు దీన్ని కొయ్యి," అన్నాడు.

ఎల్లాజీ గరిటె పక్కన పెట్టి, కత్తి పట్టుకుని వంగి పొడిచాడు. కత్తి చేప పక్కన ఇసుకలో దిగింది. మళ్ళీ పొడిచాడు. మళ్ళీ ఇసుకే.

"ఎన్ని చేపలున్నాయి నాయనా?" అన్నాడు బాబా.

ఎల్లాజీ కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. "రెండు అగుపిస్తన్నాయి బాబా," అన్నాడు చివరికి.

బాబా కత్తి అందుకుని తానే పొట్ట చీల్చాడు. పేగుల్లో ఏమీ లేదు. ఎన్నాళ్ళయిందో తిండి దొరికి. కార్జం మాత్రం తల దగ్గర్నుంచి తోక మొదలుదాకా పరుచుకుని ఉంది, లేతపసుపుగా, నూనెతో నిగనిగలాడుతూ. ఎల్లాజీ దాన్ని ఎత్తబోతే రెండు చేతులూ చాలలేదు. చిన్నప్పటినుంచీ సొరల్ని కోసిన చేతులే. అయినా ఆ పొద్దున అతనికి ఒళ్ళు జలదరించింది. ఎన్నేళ్ళు ఈదిందో, ఎన్ని చేపల్ని తిన్నదో, అదంతా పోనివ్వకుండా ఇక్కడ దాచిపెట్టుకుంది.

"ఇంత దాయమని దీనికి ఎవులు చెప్పారు బాబా?"

బాబా నూనె కారుతున్న అతని చేతిని పట్టుకుని, అతని కుడి డొక్కకే, పక్కటెముకల కింద ఆనించాడు. ఎల్లాజీ చెయ్యి అక్కడే ఉండిపోయింది. తాగిన గరిటెలన్నీ ఎక్కడున్నాయో అతనికి తెలిసింది. భయమేసింది. ఆ భయంలోనే, తనలో ఇంత పెద్ద గాదె ఉందా అని దండం పెట్టాలనీ అనిపించింది.

"పోదా బాబా, ఇది?"

"తాగడం ఆపితే, నెలల మీద పోతుంది. నేను లోపలికెళ్ళి తీయలేను."

ఈలోగా వరుసలోంచి ఒక చిన్నపిల్ల లేచి వచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుని, నోరు బారెడు తెరిచి అతని ఎదుట నిలబడింది. ఎల్లాజీకి రెండు నోళ్ళు కనిపించాయి. చేతిలోకి తీసుకోబోయిన గరిటెను అలాగే వదిలేశాడు.

"ఇయ్యాల నూనె లేదమ్మా. ఇంటికెళ్ళి మునగాకు కూర తిను," అన్నాడు. పిల్ల నోరు మూసుకుని పరుగెత్తింది.

ఆమె వెళ్ళిన వైపే చూస్తూ అడిగాడు, "పోసుంటే ఏటయ్యేది బాబా?"

"తాగేది," అన్నాడు బాబా. "రుచి నచ్చకపోతే నాలుక ఉమ్మేస్తుంది. పాపం, కార్జానికి వద్దనడం చేతకాదు."